కల్పిత కాలంలో తిరిగిన బొంగరం

1888వ సంవత్సరం. పారిస్‌లోని ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ముందు పదిహేను వ్యాసాలు ఉన్నాయి. బోర్డిన్ బహుమతి కోసం వచ్చిన ఆ వ్యాసాలలో దేనిమీదా రచయిత పేరు లేదు. పేరుకు మారుగా ప్రతి వ్యాసం మీద ఒక సూక్తి ఉంటుంది. అదే సూక్తి వ్రాసిన వేరొక కవరులో రచయిత పేరు భద్రంగా మూసి ఉంటుంది. విజేత ఎవరో నిర్ణయమైన తరువాతనే ఆ కవరు విప్పాలి. అది పోటీ నియమం.

ఒక వ్యాసం మిగిలినవాటికంటె ఎంతో ఎత్తున నిలిచింది. దాని విలువను గుర్తించి పరిషత్తు బహుమతి మొత్తాన్ని 3,000 ఫ్రాంకుల నుంచి 5,000 ఫ్రాంకులకు పెంచింది. దాని మీది సూక్తి ఇది: “తెలిసినది చెప్పు, చేయవలసినది చేయి, కానున్నది కానీ.” కవరులోని పేరు సోఫియా కొవలెవ్‌స్కయా. వయస్సు ముప్పై ఎనిమిది. భర్త లేడు, పదేళ్ళ కూతురు ఉన్నది. ఆమె జన్మించిన రష్యాలో ఏ విశ్వవిద్యాలయమూ ఆమెను విద్యార్థినిగానైనా చేర్చుకొనలేదు.

ఆమె సాధించిన సమస్య వినడానికి పిల్లల ఆటవలె ఉంటుంది. మొన ఒకేచోట నిలిపి తిప్పిన బొంగరం ఏ విధంగా తిరుగుతుంది?

బొంగరం పెట్టిన చిక్కు

తాడు చుట్టి విసరిన బొంగరాన్ని చూడనివారు ఉండరు. మొదట నిటారుగా, కదులుతున్నదో లేదో తెలియనంత నిశ్చలంగా తిరుగుతుంది. కొంతసేపటికి తల ఊపుతుంది. ఆ తల చుట్టే వలయం క్రమంగా పెద్దదవుతుంది. చివరకు నేలకు ఒరుగుతుంది. గాలి, రాపిడి అనేవి లేవని అనుకొన్నా కూడా ఈ చలనం సామాన్యమైనది కాదు.

న్యూటన్ సూత్రాల నుంచి దాని సమీకరణాలను వ్రాయడం కష్టం కాదు. అవి ఆరు. బొంగరం ఏ వేగంతో, ఏ ఇరుసు మీద తిరుగుతున్నదో మూడు చెబుతాయి; దానికి నిలువు దిక్కు ఎటు ఉన్నదో మిగిలిన మూడు చెబుతాయి. కాని ఇవి ఈ క్షణపు స్థితి మరుక్షణంలో ఎట్లా మారుతుందో మాత్రమే తెలుపుతాయి. గణితజ్ఞునికి కావలసినది అంతకంటె ఎక్కువ: ఏ క్షణాన్ని పేర్కొన్నా అప్పటి స్థితిని సూటిగా చెప్పగల సూత్రం.

అటువంటి సూత్రం దొరకాలంటే, అన్నీ మారుతున్న ఆ చలనంలో మారకుండా నిలిచే రాశులు కొన్ని కావాలి. ప్రతి బొంగరానికీ అటువంటివి మూడు ఉన్నాయి. మొత్తం శక్తి మారదు. నిలువు దిశలోని కోణీయ ద్రవ్యవేగం మారదు. నిలువు దిక్కును తెలిపే మూడు కొలతల మధ్య ఉండే రేఖాగణిత సంబంధం మారదు. సమీకరణాలు పూర్తిగా విడిపోవడానికి నాలుగవది ఒకటి కావాలి. చిక్కు అంతా అక్కడే ఉన్నది.

18వ శతాబ్దంలో ఆయ్లర్ ఒక సందర్భంలో ఆ నాలుగవదానిని కనుగొన్నాడు. వస్తువును దాని గురుత్వ కేంద్రం వద్దనే నిలిపితే భూమ్యాకర్షణ దానిని తిప్పలేదు. అప్పుడు లెక్క తేలుతుంది. 1788లో లగ్రాంజ్ మరొక సందర్భాన్ని వివరించాడు. మన పిల్లలు ఆడుకొనే బొంగరం వలె ఇరుసు చుట్టూ సమానంగా ఉండి, బరువు ఇరుసు మీదనే కేంద్రీకృతమైన వస్తువు అది. ఆ తరువాత నూరేళ్ళ పాటు మూడవ సందర్భం ఎవరికీ చిక్కలేదు.

గోడ మీది గణితం

సోఫియా 1850 జనవరి 15న మాస్కోలో జన్మించింది. తండ్రి ఫిరంగి దళంలో సేనాపతి. ఆయన ఉద్యోగ విరమణ చేసిన తరువాత కుటుంబం పాలిబినో అనే పల్లెలోని తమ ఎస్టేటుకు చేరింది. ఇంటి గోడలకు రంగు కాగితాలు అంటిస్తుండగా పిల్లల గదికి వచ్చేసరికి అవి చాలలేదు. దానితో ఇంట్లో పడివున్న పాత కాగితాలను అంటించారు. అవి ఓస్త్రోగ్రాద్‌స్కీ అనే గణితాచార్యుని కలన గణిత ఉపన్యాసాల ప్రతులు. తండ్రి యౌవనంలో కొని ఉంచుకొన్నవి.

ఆ చిన్నపిల్ల గంటల తరబడి ఆ గోడ ముందు నిలబడి, విచిత్రమైన ఆ గుర్తులను చూస్తూ, ఏ కాగితం తరువాత ఏ కాగితం రావాలో తెలుసుకొనేందుకు ప్రయత్నించేది. అర్థం తెలియకపోయినా ఆ సూత్రాల ఆకారం మనస్సులో హత్తుకొని పోయింది. తరువాత పదిహేనవ ఏట పీటర్స్‌బర్గ్‌లో కలన గణితం మొదలుపెట్టినప్పుడు, ఇదంతా ముందే తెలిసినట్లు ఆమె గ్రహించడం చూసి గురువు ఆశ్చర్యపడ్డాడు.

అంతకుముందే మరొక సంఘటన జరిగింది. పొరుగున ఉండే తిర్తోవ్ అనే ఆచార్యుడు తాను వ్రాసిన భౌతికశాస్త్ర గ్రంథాన్ని ఆ ఇంటికి బహూకరించాడు. అందులో కాంతిని గురించిన అధ్యాయంలో ‘సైన్’ అనే మాట వచ్చింది. సోఫియాకు త్రికోణమితి ఎవరూ చెప్పలేదు. చిన్న కోణాలకు వృత్తంలోని జ్యాను ఆ స్థానంలో ఉంచి చూస్తే సూత్రాలు సరిపోతున్నాయని ఆమె తానే కనిపెట్టింది. మన ఆర్యభటుడు ఆ రాశిని లెక్కించినదీ వృత్తపు జ్యాలతోనే. ఆ బాలిక చరిత్ర నడిచిన దారినే ఒంటరిగా నడిచిందని గ్రహించిన తిర్తోవ్, ఆమెకు గణితం చెప్పించమని తండ్రిని ఒప్పించడానికి పూనుకొన్నాడు.

పేరుకు మాత్రమే పెండ్లి

గణితం చదవాలంటే విశ్వవిద్యాలయం కావాలి. రష్యాలో స్త్రీలకు ఆ ద్వారాలు మూసి ఉన్నాయి. విదేశాలకు పోవాలంటే పెండ్లికాని యువతికి తండ్రి అనుమతి, పెండ్లయిన స్త్రీకి భర్త అనుమతి ఉండాలి. తండ్రి అనుమతించడు. ఆనాటి రష్యన్ యువజనులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. స్త్రీ విద్యను సమర్థించే యువకుడు ఎవరైనా పేరుకు మాత్రం పెండ్లాడి, ఆమెను ఇల్లు దాటించేవాడు. వారు దానిని కల్పిత వివాహమనేవారు.

1868లో పద్దెనిమిదేళ్ళ సోఫియా, డార్విన్ గ్రంథాలను రష్యన్ భాషలోనికి తెచ్చిన వ్లదీమిర్ కొవలెవ్‌స్కీని ఆ విధంగా వివాహమాడింది. మరుసటి సంవత్సరం ఇద్దరూ జర్మనీ చేరారు. హైడెల్‌బర్గ్‌లో ఆచార్యులు ఒక్కొక్కరినీ ప్రాధేయపడి, వారు ఒప్పుకొంటే తరగతిలో కూర్చొనవలసి వచ్చింది. హెల్మ్‌హోల్ట్స్, కిర్‌హాఫ్ వంటివారి ఉపన్యాసాలు ఆమె ఆ విధంగానే విన్నది.

1870లో ఆమె బెర్లిన్‌కు, ఆ కాలపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడైన కార్ల్ వైయర్‌స్ట్రాస్ వద్దకు వెళ్ళింది. ఈ పడుచుపిల్లను ఎట్లాగైనా వదిలించుకోవాలని కాబోలు, ఆయన కొన్ని కఠినమైన సమస్యలు ఇచ్చి పంపాడు. వారం తరువాత ఆమె సమాధానాలతో తిరిగి వచ్చింది. అవి సరిగా ఉండడమే గాక, పద్ధతి కూడా ఆమె సొంతమే. బెర్లిన్ విశ్వవిద్యాలయం ఆమెను తరగతి గదిలోనికి రానివ్వలేదు. వైయర్‌స్ట్రాస్ తన ఉపన్యాసాలనే ఆమెకు ఇంటివద్ద చెప్పాడు. వారానికి రెండుసార్లు, నాలుగేళ్ళ పాటు ఆ పాఠాలు సాగాయి. ఆదివారం ఆమె ఆయన ఇంటికి వెళ్ళేది. మరొకనాడు ఆయనే ఆమె బసకు వచ్చేవాడు.

1874లో గోటింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు అత్యున్నత శ్రేణిలో డాక్టరేట్ ప్రదానం చేసింది. ఆధునిక ఐరోపాలో గణితంలో ఆ పట్టం పొందిన మొదటి మహిళ ఆమె. పాక్షిక అవకలన సమీకరణాలను గురించిన ఆమె సిద్ధాంతం నేటికీ కోషీ–కొవలెవ్‌స్కయా సిద్ధాంతం పేరుతో పాఠ్యగ్రంథాలలో ఉన్నది. శని గ్రహ వలయాల మీద మరొక వ్యాసం. మూడవది ఆబెలియన్ సమాకలనులనే క్లిష్టమైన రాశుల మీద. ఈ మూడవదాని విద్యే పద్నాలుగేళ్ళ తరువాత బొంగరం వద్ద అక్కరకు వచ్చింది.

మూసిన తలుపులు

ఇంత విద్యతో స్వదేశానికి తిరిగివస్తే, బాలికల పాఠశాలలో క్రింది తరగతులకు కూడికలు, తీసివేతలు చెప్పే ఉద్యోగం తప్ప మరొకటి ఆమెకు అర్హత లేదన్నారు. ఆరేళ్ళ పాటు ఆమె గణితాన్ని దాదాపు విడిచిపెట్టింది. వైయర్‌స్ట్రాస్ ఉత్తరాలకు జవాబులు కూడా వ్రాయలేదు. పేరుకు మాత్రమే అనుకొన్న వివాహం నిజమైన వివాహమయింది. 1878లో కూతురు జన్మించింది. భర్త ఇండ్లు కట్టించి అమ్మే వ్యాపారంలో దిగి ఆస్తి అంతా పోగొట్టుకొన్నాడు. 1883లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు.

అదే సంవత్సరం మన దేశంలో కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులయ్యారు. ఆ ఏడాదే నవంబరులో సోఫియా స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో అడుగుపెట్టింది. వైయర్‌స్ట్రాస్ శిష్యుడే అయిన మిట్టాగ్-లెఫ్లర్ అక్కడ కొత్తగా వెలసిన ఉన్నత విద్యాలయంలో ఆమెకు చోటు సంపాదించాడు. మొదటి సంవత్సరం జీతం లేదు. విద్యార్థులు ఇచ్చే రుసుమే ఆధారం. స్త్రీ ఆచార్యురాలు కావడం వికృతమని ప్రసిద్ధ రచయిత స్ట్రిండ్‌బర్గ్ పత్రికకెక్కాడు. ఆమె జర్మన్ భాషలో పాఠాలు మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి స్వీడిష్ భాషలో చెప్పసాగింది. ‘ఆక్టా మాథమాటికా’ పత్రిక సంపాదకవర్గంలోనూ చేరింది.

అక్కడ ఉండగానే ఆమె బొంగరం సమస్యను చేపట్టింది. 1887లో ప్రాణప్రదమైన అక్క అన్యుతా దీర్ఘవ్యాధితో మరణించింది. మధ్యలో ఒక అపజయం కూడా ఉన్నది. స్ఫటికాలలో కాంతి వక్రీభవనం మీద ఆమె ప్రకటించిన వ్యాసంలో దోషమున్నదని తరువాత ఇటలీ గణితజ్ఞుడు వోల్టెరా చూపాడు. బొంగరం విషయంలో మాత్రం ఆమె పట్టిన దారి తప్పలేదు.

కల్పిత కాలం

ఆ దారి ఎటువంటిదో తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. ఒక సంఖ్యను తీసుకొని, దాని వర్గానికి 1 కలిపి, ఆ మొత్తంతో 1ని భాగించండి. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. 1/2 అయితే 0.8 వస్తుంది, 2 అయితే 0.2 వస్తుంది. ఈ ఫలితాన్నే ఒక అనంత శ్రేణిగా కూడా వ్రాయవచ్చు: 1లో నుంచి ఆ సంఖ్య వర్గాన్ని తీసివేసి, నాలుగవ ఘాతాన్ని కలిపి, ఆరవ ఘాతాన్ని తీసివేసి, ఆ విధంగా పోవడమే. 1/2 విషయంలో ఈ శ్రేణి బుద్ధిగా 0.8ని చేరుతుంది. 2 విషయంలో 1 – 4 + 16 – 64 అంటూ అదుపు లేకుండా పోతుంది. సంఖ్య 1ని దాటగానే శ్రేణి పనికిరాకుండా పోతున్నది. ఎందువల్ల? 1 వద్ద ఏ ప్రమాదమూ కనిపించదు.

ప్రమాదం సంఖ్యల బాట మీద లేదు. బాటకు పక్కన ఉన్నది. వర్గం చేస్తే –1 వచ్చే సంఖ్యను గణితజ్ఞులు కల్పిత సంఖ్య అంటారు. వాస్తవ సంఖ్యలను ఒక గీత మీద వరుసగా పేర్చితే, ఈ కల్పిత సంఖ్య ఆ గీతకు లంబంగా, సున్నకు ఒక అడుగు ఎడంగా ఉంటుంది. మన లెక్కలో ఆ సంఖ్యను ఉంచితే సున్నతో భాగించవలసి వస్తుంది. అదీ అక్కడి గొయ్యి. బాట మీద నడిచేవానికి గొయ్యి కనిపించదు. కాని అది ఎంత దూరంలో ఉన్నదో శ్రేణికి తెలుసు. ఈ విధంగా వాస్తవ, కల్పిత సంఖ్యలు కలిసి ఏర్పడే తలాన్ని సంకీర్ణ సంఖ్యా తలమంటారు. గీత మీద జరిగే సంగతులకు కారణాలు తరచు ఆ తలంలో దొరుకుతాయి.

సోఫియా చేసిన సాహసం ఇది. బొంగరపు సమీకరణాలలో కాలాన్నే సంకీర్ణ సంఖ్యగా భావించింది. గడియారం చూపే కాలం గీత మాత్రమే. ఆ గీతకు ఇరువైపులా వ్యాపించిన కల్పిత కాలంలో బొంగరపు గోతులు ఎక్కడ, ఏ రకంగా ఉన్నాయో చూడాలనుకొన్నది.

గోతులలో రెండు రకాలు ఉన్నాయి. కొన్నింటి చుట్టూ తిరిగి వస్తే బయలుదేరినప్పటి విలువే చేతికి వస్తుంది. వీటిని ధ్రువాలంటారు. మరికొన్ని మాయ చేస్తాయి. వర్గమూలాన్ని తీసుకొని సున్న చుట్టూ ఒకసారి తిరిగితే, 1తో బయలుదేరినవాడు –1తో తిరిగివస్తాడు. ఆయ్లర్, లగ్రాంజ్ సాధించిన రెండు సందర్భాలలోనూ కల్పిత కాలంలో ధ్రువాలు తప్ప మరేవీ లేవని సోఫియా గమనించింది. సాధ్యమైన లెక్కలకు ఇదే లక్షణమైతే, ఈ లక్షణం ఉన్న బొంగరాలు ఇంకేవైనా ఉన్నాయా?

ప్రశ్న తారుమారయింది. నాలుగవ మారని రాశి కోసం చీకటిలో తడుములాడకుండా, ఆమె ధ్రువాలు గల శ్రేణులను సమీకరణాలలో ఉంచి పరీక్షించింది. బొంగరాన్ని ఏ విధంగా తిప్పి వదిలినా వర్తించాలంటే ఆ శ్రేణిలో మన ఇష్టానికి విడిచిన స్థిరాంకాలు తగినన్ని ఉండాలి. ఈ నిబంధన జల్లెడ వలె పనిచేసింది. అన్ని బొంగరాలూ రాలిపోగా, పాత సందర్భాలు కాక ఒకే ఒకటి మిగిలింది. దాని మూడు జడత్వ భ్రామకాలు 2 : 2 : 1 నిష్పత్తిలో ఉంటాయి. దాని గురుత్వ కేంద్రం ఇరుసు మీద ఉండదు. సమానమైన రెండు భ్రామకాల తలంలో, పక్కకు ఒరిగి ఉంటుంది. చూపుకు అవకతవకగా కనిపించే ఆ బొంగరంలో, నూరేళ్ళుగా ఎవరికీ దొరకని నాలుగవ రాశి దొరికింది.

రెండు రంధ్రాల గారె

అంతటితో పని ముగియలేదు. నాలుగవ రాశి దొరికిన తరువాత సమీకరణాలను విప్పితే, ఐదవ ఘాతం వరకు ఉన్న ఒక రాశికి వర్గమూలం ఎదురయింది. వర్గమూలానికి ఎప్పుడూ రెండు విలువలు ఉంటాయి. ఆ రెంటినీ ఒకే తలం మీద ఇమిడ్చితే గందరగోళం. దీనికి జర్మన్ గణితజ్ఞుడు రీమాన్ 1851లోనే మార్గం చూపాడు. ఒక తలానికి బదులు రెండు పొరలు ఒకదానిమీద ఒకటి పరచి, తగిన చోట్ల చీల్చి, ఒక పొర అంచును రెండవదాని అంచుతో కుట్టివేయాలి. అప్పుడు ప్రతి విలువకూ తన చోటు తనకు ఉంటుంది.

ఆ విధంగా కుట్టిన ఉపరితలం ఏ ఆకారంలో ఉంటుంది? వర్గమూలం క్రింద మూడు, నాలుగు ఘాతాలు ఉంటే మన వంటింటి గారె వలె నడుమ ఒక రంధ్రం గల వక్రతలం ఏర్పడుతుంది. ఆయ్లర్, లగ్రాంజ్ బొంగరాలు ఈ రకానివి. ఐదు, ఆరు ఘాతాలు అయితే రెండు రంధ్రాలు గల గారె ఏర్పడుతుంది. సోఫియా బొంగరం అక్కడికి చేరింది. రెండు రంధ్రాల వక్రతలం మీద లెక్కలు నడిపే విద్య ఆనాడు ఐరోపాలో బహు కొద్దిమందికే తెలుసు. బెర్లిన్‌లో ఇంటివద్ద చెప్పించుకొన్న పాఠాలలో సోఫియా నేర్చుకొన్నది సరిగా ఆ విద్యనే. ఏ క్షణానికైనా బొంగరం స్థితిని తెలిపే సూత్రాలను ఆమె చివరికంటా సాధించి చూపింది.

1888 డిసెంబర్ 24న పారిస్‌లో ఆమెకు బహుమతి అందజేశారు. మరుసటి సంవత్సరం స్టాక్‌హోమ్ ఆమెను శాశ్వత ఆచార్యురాలిగా నియమించింది. అదే ఏడాది రష్యన్ విజ్ఞాన పరిషత్తు స్త్రీలకు వీలు కల్పించేందుకు నియమం మార్చి ఆమెను సంబంధిత సభ్యురాలిగా ఎన్నుకొన్నది. అయితే 1890లో ఆమె రష్యా వెళ్ళినప్పుడు పరిషత్తు సమావేశంలో కూర్చొనడానికి అనుమతి లభించలేదు. స్వదేశంలో ఉద్యోగమూ రాలేదు. 1891 ఫిబ్రవరి 10న, చలిలో సుదీర్ఘ ప్రయాణం చేసి స్టాక్‌హోమ్ చేరిన కొద్దిరోజులకే, ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె మరణించింది. వయస్సు నలభై ఒకటి. వార్త విన్న వృద్ధ గురువు వైయర్‌స్ట్రాస్ ఆమె తనకు వ్రాసిన ఉత్తరాలన్నింటినీ కాల్చివేశాడు.

తరువాతి కథ

ఆమె వాదంలో వెలితి ఉన్నదని రష్యన్ గణితజ్ఞుడు మార్కోవ్ ఆక్షేపించాడు. 1894లో ల్యాపునోవ్ మరింత బలమైన రుజువుతో ఆమె నిర్ణయం సరియైనదేనని నిలబెట్టాడు. ఆమె మూడవ బొంగరం తరువాత నాలుగవది అదే రీతిలో ఉండబోదని 1906లో ఫ్రాన్సుకు చెందిన హుస్సాన్ నిరూపించాడు. సోఫియా బహుమతి పొందిన రోజులలోనే పొయన్‌కారే మూడు గోళాల చలనాన్ని పరిశీలిస్తూ, ప్రకృతిలో అధిక భాగం ఇటువంటి సూత్రాలకు లొంగదని గ్రహించాడు. లొంగేవి బహు కొద్ది. అందువల్లనే వాటిని గుర్తుపట్టే సాధనానికి అంత విలువ వచ్చింది.

20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఆ సాధనానికి మళ్ళీ అవసరం కలిగింది. లోతు తక్కువ నీటిలో ఆకారం చెడకుండా సాగిపోయే ఒంటరి అలలను 1834లోనే స్కాట్ రస్సెల్ ఒక కాలువ గట్టున చూశాడు. 1965లో జబుస్కీ, క్రుస్కల్ అటువంటి అలలు ఒకదానినొకటి ఢీకొని కూడా చెక్కుచెదరవని కంప్యూటర్ లెక్కలతో చూపి, వాటికి ‘సాలిటాన్’ అని పేరు పెట్టారు. 1980లో అటువంటి కాంతి తరంగాలను గాజు తీగలోనూ పంపి చూశారు. ఏ సమీకరణాలు ఇంతటి క్రమాన్ని దాచుకొన్నాయో ముందుగా తెలుసుకొనేందుకు శాస్త్రజ్ఞులు కల్పిత తలంలోని గోతులనే పరీక్షించసాగారు. మన దేశంలో తిరుచిరాపల్లిలోని భారతీదాసన్ విశ్వవిద్యాలయంలో ఎం. లక్ష్మణన్, ఆయన సహచరులు ఈ రంగంలో పేరెన్నికగన్న కృషి చేశారు. పరీక్ష పద్ధతి నేడు పెయిన్‌లెవే పేరుతో వ్యవహరింపబడుతున్నా, దాని తొలి ప్రయోగం సోఫియా బొంగరం మీదనే జరిగింది.

1989లో ముగ్గురు గణితజ్ఞులు ఆ బొంగరాన్ని సాలిటాన్ సిద్ధాంతం పద్ధతులతో తిరిగి సాధించి ఒక వ్యాసం ప్రకటించారు. దాని శీర్షికలోనే ‘99 సంవత్సరాల తరువాత’ అని ఉన్నది. సోఫియా పరిశోధన ‘ఆక్టా మాథమాటికా’లో అచ్చయిన తరువాత అంతకాలానికి కూడా అందులో క్రొత్తగా చూడవలసినది మిగిలి ఉన్నది.

పాలిబినోలోని పిల్లల గదిలో ఆ కాగితాలను ఎవరూ చదవడానికి అంటించలేదు. గోడ కప్పడానికి అంటించారు. ఏది ముందో, ఏది తరువాతో తెలియని ఆ ముక్కలలో ఒక వరుస ఉండితీరాలని నమ్మిన బాలిక ఒకతె ఆ గదిలో ఉన్నది. అంతే.